కౌన్సెలర్ ఎవరి మనిషి?

తెలుగు పిల్లల చెవిన 'కౌన్సెలింగ్' అన్న మాట మొదటిసారి గట్టిగా పడేది ఎంసెట్ ర్యాంకు వచ్చాక. సర్టిఫికెట్ల పరిశీలన, వెబ్ ఆప్షన్లు, సీటు కేటాయింపు. పరీక్ష పేరు ఈఏపీసెట్‌గా మారినా ఆ తతంగం పేరు కౌన్సెలింగే. రెండోసారి పడేది పేపర్లో. తాగి బండి నడిపి దొరికినవాళ్లను ఇంట్లోవాళ్లతో సహా గోషామహల్ ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు పిలిపించి కౌన్సెలింగ్ ఇచ్చారు. రౌడీషీటర్లకు సీఐ గారు కౌన్సెలింగ్ ఇచ్చారు. పారిపోయి పెళ్లి చేసుకున్న జంట తల్లిదండ్రులకు స్టేషన్‌లో కౌన్సెలింగ్ ఇచ్చి పంపారు. ఈ వాక్యాల్లో క్రియ ఎప్పుడూ ఒకటే. కౌన్సెలింగ్ 'ఇస్తారు'. వార్నింగ్ ఇచ్చినట్టు, పైనున్నవాళ్లు కిందున్నవాళ్లకు ఇస్తారు. పుచ్చుకున్నవాళ్లు తలదించుకుని ఇంటికి పోతారు.

మనసు బాగోలేని విద్యార్థి కోసం కాలేజీలో ఒక గది ఉండాలి, అందులో వినేవాళ్లు ఒకరు కూర్చోవాలి అన్న అర్థం ఈ మాటకు చివరగా చేరింది. అక్కడ పని తిరగబడుతుంది. ఇచ్చేది వచ్చినవాళ్లు, పుచ్చుకునేది కుర్చీలో ఉన్నవాళ్లు. మన కాలేజీల్లో కౌన్సెలింగ్ సేవల గురించి ఇరవై ఏళ్లకు పైగా వస్తున్న కమిటీలు, మార్గదర్శకాలు, తీర్పులు చదివితే వాటిలో ఎక్కువ భాగం సంఖ్య గురించే. ఎంతమందికి ఒక కౌన్సెలర్, ఎన్ని గంటలు, ఏ అర్హత. ఇవి అవసరమే. అయితే తలుపు దగ్గర నిలబడిన పిల్లవాడి మనసులో ఉండే ప్రశ్న వేరు. లోపల ఉన్నాయన ఎవరి మనిషి? ప్రిన్సిపాల్ మనిషా, నాన్నకు ఫోన్ చేసే మనిషా, నా మనిషా?

ముందు లెక్కలు, క్లుప్తంగా. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ఈ అంకె పోలీసు రికార్డు నుంచి వస్తుంది. కారణం గడిలో రాసేది ఒక్క మాట. పరీక్ష తప్పడం, కుటుంబ సమస్య, ప్రేమ వ్యవహారం, అనారోగ్యం. పరీక్ష తప్పడం అన్న గడిలో పడేవి మొత్తంలో ఒక భాగమే. మిగతావాళ్లకు చదువుతో సంబంధం లేదనుకోవడానికి వీల్లేదు. అప్పు చేసి ఫీజు కట్టిన ఇంట్లో 'కుటుంబ సమస్య'ను చదువు నుంచి విడదీయడం ఏ కానిస్టేబుల్ వల్ల అవుతుంది? ఇంకో సంగతి. మానసిక ఆరోగ్యంపై నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. చికిత్స అవసరమై కూడా అందనివాళ్లు జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారని ఆ సర్వే తేల్చింది. మన రెండు రాష్ట్రాల సంగతి పక్క రాష్ట్రాలను చూసి ఊహించుకోవాల్సిందే.

సిగ్గు సంగతి చెప్పనక్కర్లేదు. మానసిక చికిత్సాలయం ఉన్నందుకు హైదరాబాద్‌లో 'ఎర్రగడ్డ' అన్నది ఒక పేట పేరు కాదు, తిట్టు. విశాఖలో ఆ పని చినవాల్తేరు చేస్తుంది. అదే వాల్తేరు మీద ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ 1967లో కె. రామకృష్ణారావు గారు మనస్తత్వశాస్త్రంతో పాటు పరామనస్తత్వశాస్త్రానికీ శాఖ తెరిచారు. టెలిపతీ లాంటి వాటిని ప్రయోగశాలలో పెట్టి పరీక్షించిన శాఖ అది. ఎదుటివాడి మనసులో మాట చెప్పకుండానే తెలుస్తుందా అని పరిశోధించిన నేల మీద, చెప్పుకోవడానికి వచ్చినవాడి మాట వినే ఏర్పాటు ప్రతి కాలేజీకీ చేరడానికి ఇంతకాలం పట్టడం నాకు ఎప్పుడూ కొంచెం నవ్వు, కొంచెం బాధ తెప్పిస్తుంది.

మనకు కాలేజీ అంటే పదిహేనేళ్లకే మొదలు. ఇంటర్మీడియట్ కాలేజీల్లో, ముఖ్యంగా కార్పొరేట్ హాస్టళ్లలో పిల్లలు చనిపోతున్నారని ఉమ్మడి రాష్ట్రంలో 2001లోనే నీరదా రెడ్డి కమిటీ వేశారు. పాతికేళ్ల కిందటి మాట. అప్పటి పిల్లలకు ఇప్పుడు ఇంటర్ చదివే పిల్లలున్నారు. తర్వాత యూజీసీ 2015లో విద్యార్థుల భద్రత మీద మార్గదర్శకాలు ఇస్తూ, 25 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు సలహాదారుగా ఉండాలంది. 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది, 2018 మే నుంచి అమలైంది. ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లను నేరస్తులుగా కాక తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాళ్లుగా చూడాలని అందులోని 115వ సెక్షన్ చెప్పింది. 2023లో యూజీసీ మళ్లీ మార్గదర్శకాలిచ్చి, ప్రతి సంస్థలో విద్యార్థి సేవా కేంద్రం పెట్టమంది. కాగితానికి లోటు లేదు.

వీటన్నిటికంటే బరువైన కాగితం విశాఖ నుంచే పుట్టింది. 2023 జులైలో అక్కడ హాస్టల్లో ఉండి నీట్ శిక్షణ తీసుకుంటున్న పదిహేడేళ్ల అమ్మాయి చనిపోయింది. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన పిల్ల. దర్యాప్తు మీద నమ్మకం లేక తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 2025 జులై 25న జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ఆ కేసును సీబీఐకి అప్పగిస్తూ, దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలు ఇచ్చారు. చట్టం వచ్చేదాకా వీటికే చట్టమంత బలం. వందమంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ ఉండాలి. అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. మార్కుల్ని బట్టి సెక్షన్లు విడదీయకూడదు, నలుగురిలో అవమానించకూడదు. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో కనపడాలి.

వారాంతపు పరీక్ష మార్కులతో సోమవారం సెక్షన్ మారిపోయే కాలేజీల్లో చదివినవాళ్లకు సెక్షన్లు విడదీయకూడదన్న మాట ఎంత పెద్దదో తెలుసు. ఆ కాలేజీల వ్యాపారమే సెక్షన్ల మీద నడుస్తుంది. పై సెక్షన్ పిల్లల ర్యాంకులు టీవీలో 'ఒకటి, ఒకటి, రెండు, మూడు' అని ఊపిరి తిప్పుకోకుండా చదివించి, కింది సెక్షన్ల ఫీజులు వసూలు చేసే ఏర్పాటు అది. తీర్పులో ఈ వాక్యం నిజంగా అమలైతే కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాల్సిన పిల్లల సంఖ్యే తగ్గుతుందని నా అనుమానం. అందుకే అన్నిటికంటే ఆలస్యంగా అమలయ్యేది కూడా అదే అవుతుందని భయం.

'కనీసం ఒకరు' అన్న మాటకొద్దాం. వందమందికీ ఒకరే, అయిదువేల మందికీ ఒకరే అని యాజమాన్యం చదువుకోవచ్చు. తగిన నిష్పత్తి పాటించాలని, పరీక్షల కాలంలో చిన్న బృందాలకు మెంటార్లను కేటాయించాలని తీర్పులోనే వేరేచోట ఉంది గానీ అంకె లేదు. అమెరికాలో విశ్వవిద్యాలయాల కౌన్సెలింగ్ కేంద్రాలకు గుర్తింపునిచ్చే సంస్థ వెయ్యి నుంచి పదిహేను వందల మంది విద్యార్థులకు ఒక పూర్తికాలపు నిపుణుడు ఉండాలంటుంది. ఆ కొలతతో మూడువేల మంది ఉన్న మన ఇంజినీరింగ్ కాలేజీకి ఇద్దరో ముగ్గురో కావాలి. నాలుగు కాలేజీ బస్సుల నిర్వహణ ఖర్చు ముందు ఇది పెద్ద భారమేమీ కాదు.

అసలు కష్టం మనుషులు దొరకడం. క్లినికల్ సైకాలజిస్టుకు పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ చదువు చదివినవాళ్లు చాలా తక్కువ, వాళ్లకు ఆసుపత్రులే చాలడం లేదు. కౌన్సెలర్ అన్న బోర్డు పెట్టుకోవడానికి మాత్రం ఇన్నాళ్లూ అడ్డేమీ లేదు. ఎంఏ సైకాలజీ చేసినవాళ్లు, ఆరునెలల డిప్లొమా చేసినవాళ్లు, వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లు, ఎన్‌ఎల్‌పీ వర్క్‌షాపుకు రెండు రోజులు వెళ్లొచ్చినవాళ్లు అందరూ కౌన్సెలర్లే. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కౌన్సెలర్లను ఒక వృత్తిగా గుర్తించి రిజిస్టరు తయారుచేయమంది. ఆ రిజిస్టరు పూర్తిగా పనిచేసేదాకా కాలేజీ ఎవరిని పెట్టుకుంటే వాళ్లే అర్హులు. చాలాచోట్ల జరిగేది ఏమిటంటే, ఇంగ్లిష్ మేడమ్‌కో ఎంబీఏ సార్‌కో అదనపు బాధ్యత. స్టూడెంట్ వెల్ఫేర్ చూసేది ఆయనే, క్రమశిక్షణ కమిటీలో కూర్చునేదీ ఆయనే. పొద్దున అటెండెన్స్ తగ్గిందని నిలబెట్టిన మనిషి దగ్గరికి మధ్యాహ్నం 'సార్, నాకు బతకాలని లేదు' అని ఎవరు వస్తారు?

మెంటార్ పద్ధతి కథ ఇక్కడే చెప్పాలి. ఒక్కో అధ్యాపకుడికి ఇరవైమందో పాతికమందో విద్యార్థుల్ని అప్పగిస్తారు. కాలేజీలకు గుర్తింపునిచ్చే నాక్ మెంటార్ నిష్పత్తి ఎంత అని అడుగుతుంది కనుక ఈ పద్ధతి లేని కాలేజీ అరుదు. నేను చూసిన ఒక కాలేజీలో నాక్ వాళ్లు వచ్చేముందు రెండు రాత్రులు కూర్చుని రెండేళ్ల మెంటార్ రిజిస్టర్లు రాశారు. 'విద్యార్థి చదువులో వెనుకబడ్డాడు, ప్రోత్సహించడమైనది' అన్న వాక్యం పేజీ పేజీకీ. సిరా రంగు మారాలని మూడు పెన్నులు వాడారు. అక్కడే కౌన్సెలింగ్ సెల్ అన్న గది ప్రిన్సిపాల్ గది పక్కన ఉంది. గుమ్మం మీద సీసీ కెమెరా. ఆ గదిలోకి ఎవరైనా వస్తారా అని అటెండర్ని అడిగితే, 'కుర్చీలు అవసరమైతే తీసుకుపోతారండీ' అన్నాడు.

ఇది ఎగతాళి కోసం చెప్పడం లేదు. అధ్యాపకులు చెడ్డవాళ్లు కారు. పిల్లవాడి మొహం చూసి ఏదో తేడాగా ఉందని మొదట పసిగట్టేది తరచూ వాళ్లే. పసిగట్టడం వేరు, దగ్గర కూర్చోబెట్టుకుని వినడం వేరు. ఈ తేడాను చక్కగా చూపించిన పరిశోధన బిహార్‌లో జరిగింది. నలందా జిల్లా ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో 'సెహర్' పేరుతో ఒకే కార్యక్రమాన్ని రెండు రకాలుగా నడిపారు. కొన్ని బడుల్లో ఉన్న టీచర్‌కే శిక్షణ ఇచ్చి అప్పగించారు. కొన్నింటిలో బయటి నుంచి వచ్చిన, పెద్ద డిగ్రీలేమీ లేని, ఈ పనికే శిక్షణ పొందిన సామాన్య కౌన్సెలర్లను పెట్టారు. 2018లో లాన్సెట్‌లో ఫలితాలు వచ్చాయి. బయటి మనిషి ఉన్న బడుల్లో వాతావరణం బాగుపడింది, దిగులు, వేధింపులు తగ్గాయి. టీచర్ నడిపిన బడుల్లో, అసలు కార్యక్రమమే లేని బడులతో పోలిస్తే మార్పు కనపడలేదు. అవి హైస్కూళ్లు, మనం మాట్లాడేది కాలేజీలు. అయినా మన మెంటార్ రిజిస్టర్ల పక్కన పెట్టుకుని చదవాల్సిన ఫలితం ఇది. నిపుణుల కొరత ఉందని చేతులెత్తేసేవాళ్లకూ ఇందులో జవాబుంది. మంచి శిక్షణ, పైన ఒక నిపుణుడి పర్యవేక్షణ ఉంటే సామాన్యులూ ఈ పని చేయగలరు. షరతు ఒక్కటే. వాళ్లకు ఆ పని తప్ప ఆ పిల్లల మీద వేరే అధికారం ఉండకూడదు.

కొంత మెరుగ్గా ఉన్నవి ఐఐటీలు. సంగారెడ్డి దగ్గర కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్‌లో కౌన్సెలింగ్ విభాగం పేరు సన్‌షైన్. వృత్తి కౌన్సెలర్లతో పాటు సీనియర్ విద్యార్థులు జూనియర్లకు తోడుగా ఉండే ఏర్పాటు అందులో భాగం. మొదటి సెమిస్టర్‌లో ఊళ్లో టాపర్‌గా వచ్చిన పిల్లవాడికి ఇక్కడ అందరూ టాపర్లేనని తెలిసి కాళ్ల కింద నేల కదిలినప్పుడు, నిరుడు అదే అనుభవించినవాడి మాటకున్న విలువ డాక్టరు మాటకు కూడా ఉండదు. కానీ ఐఐటీల్లోనూ చావులు ఆగలేదు. 2023లో ఐఐటీ ఢిల్లీలో ఇద్దరు విద్యార్థుల మరణాల మీద వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2025 మార్చిలో జస్టిస్ రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ కార్యదళాన్ని వేసింది. ఆత్మహత్యలకు కారణాలు వెతకడం, ఇప్పుడున్న నిబంధనలు ఎంతవరకు పనిచేస్తున్నాయో తేల్చడం దానికి అప్పగించిన పని.

బాసర సంగతి వేరు. రాజీవ్ గాంధీ విజ్ఞాన, సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని 2008లో పెట్టినప్పుడు ఆలోచన గొప్పది. పల్లెటూరి ప్రభుత్వ బడిలో పదో తరగతి బాగా చదివిన పిల్లల్ని నేరుగా తీసుకుని ఆరేళ్లు చదివించి ఇంజినీర్లను చేయడం. బాసర, నూజివీడు, ఇడుపులపాయ, తర్వాత శ్రీకాకుళం, ఒంగోలు. పదిహేనేళ్ల పిల్లలు, వేలమంది ఒకే ఆవరణలో, అప్పటిదాకా తెలుగు మీడియం, ఒక్కసారిగా ఇంగ్లిష్, ఊరికి దూరం, మెస్ తిండి. 2022 జూన్‌లో బాసర పిల్లలు ఎండా వానా లెక్కచేయకుండా వారం రోజులు మౌనంగా కూర్చున్నప్పుడు వాళ్లు అడిగినవి తిండి, నీళ్లు, అధ్యాపకులు, ఒక రెగ్యులర్ వీసీ. దాన్ని ఒత్తిడి అనీ, మానసిక ఆరోగ్యం అనీ పేరు పెట్టి ఒక కౌన్సెలర్‌ని పంపితే సరిపోయేది కాదు. పప్పులో పురుగు వస్తే కౌన్సెలింగ్ ఏం చేస్తుంది?

ఈ సేవల మీద వచ్చే విమర్శల్లో అన్నిటికంటే బలమైనది ఇదే. వ్యవస్థ తప్పును విద్యార్థి మనసులోకి తోసేసే సాధనంగా కౌన్సెలింగ్ మారుతుందన్నది. 2019 ఏప్రిల్ తలచుకోండి. తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. ఒక అమ్మాయికి తెలుగులో సున్నా పడింది, మళ్లీ చూస్తే 99. ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తప్పినవాళ్లందరి పేపర్లూ ఉచితంగా మళ్లీ చూడమని ప్రభుత్వం ఆదేశించాల్సి వచ్చింది. ఫలితాలంటే సైకాలజిస్టుల ఫోన్ నంబర్లు కూడా ఇవ్వడం ఇప్పుడు మామూలైంది. మంచిదే. కానీ ఆ సున్నా పడ్డ అమ్మాయికి కావాల్సింది ఓదార్పా, సరైన కూడికా?

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 2016 జనవరి 17న పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల చనిపోయాక ఈ ప్రశ్న మరింత పదునెక్కింది. సస్పెన్షన్, హాస్టల్ నుంచి వెలి, ఆగిపోయిన ఫెలోషిప్. కులం పేరెత్తకుండా ఆ మరణాన్ని 'డిప్రెషన్' ఖాతాలో రాయడం ఎంత తేలికో అప్పుడు దేశమంతా చూసింది. అంతకు తొమ్మిదేళ్ల ముందే, 2007లో, ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థులు ఎదుర్కొంటున్న వివక్షను సుఖదేవ్ థోరట్ కమిటీ రికార్డు చేసింది. కౌన్సెలర్‌కు ఈ చరిత్ర తెలియకపోతే 'నువ్వు అతిగా ఆలోచిస్తున్నావు' అంటారు. ఆ ఒక్క వాక్యంతో ఆ తలుపు ఆ విద్యార్థికే కాదు, అతని స్నేహితులందరికీ మూసుకుపోతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు పడి, కాలేజీ సర్టిఫికెట్ ఆపేస్తే, చేతిదాకా వచ్చిన ఉద్యోగం పోయేలా ఉన్న పిల్లవాడికి నిద్ర పట్టడం లేదంటే, ఆ నిద్రలేమికి మందు ట్రెజరీలో ఉంది. మంచి కౌన్సెలర్ అది గుర్తించి, రాసి, పైకి పంపగలగాలి. అంటే యాజమాన్యాన్ని నొప్పించగలగాలి. జీతమిచ్చేది ఆ యాజమాన్యమే. చిక్కు మళ్లీ అక్కడికే వచ్చింది.

వైద్య విద్యార్థులకైనా ఈ సంకోచం ఉండదనుకుంటాం. జాతీయ వైద్య మండలి కార్యదళం 2024లో ఇచ్చిన నివేదిక చదివితే ఆ భ్రమ పోతుంది. ఆన్‌లైన్ సర్వేలో జవాబిచ్చిన 25,590 మంది ఎంబీబీఎస్ విద్యార్థుల్లో 27.8 శాతం తమకు మానసిక సమస్య నిర్ధారణ అయిందన్నారు. 5,337 మంది పీజీల్లో ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయన్నవాళ్లు 31.2 శాతం. ఆన్‌లైన్ సర్వేకు బాధలో ఉన్నవాళ్లే ఎక్కువగా జవాబిస్తారు కనుక ఈ అంకెల్ని కొంచెం తగ్గించి చదవాలి. కానీ ఒక సంగతి తగ్గించలేం. సొంత ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉండి కూడా, విషయం బయటపడుతుందన్న భయం వీళ్లను ఆపుతోంది. పాపం, ఆ విభాగంలో రేపు పరీక్ష పెట్టేదీ ఆ ప్రొఫెసరే కదా.

భాష సంగతి ఈ నివేదికల్లో దాదాపు ఎక్కడా కనపడదు. 'డిప్రెషన్' ఇప్పుడు పిల్లల నోట్లో మామూలు మాట. సినిమా టికెట్ దొరక్కపోయినా డిప్రెషనే. నిజంగా కుంగిపోయిన పిల్లవాడు ఆ మాట వాడడు. తలనొప్పి అంటాడు, కడుపులో మంట అంటాడు, అన్నం సయించడం లేదంటాడు, ఏదో గుబులుగా ఉందంటాడు. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ 'బెంగ పెట్టుకున్నావురా' అంటుంది. బెంగ గొప్ప మాట. అందులో దూరం ఉంది, మనిషి ఉన్నాడు, తిండి సయించకపోవడం ఉంది. జబ్బు అన్న ముద్ర మాత్రం లేదు. వినేవాళ్లకు ఈ మాటల బరువు తెలిసి ఉండాలి. సిక్కోలు పిల్ల 'ఊసుపోట్లేదు' అంటే ఊరికే పొద్దుపోవడం లేదనా, లోపలేదో జారిపోతోందనా అన్నది ప్రశ్నావళిలో తేలదు. తెలుగు తెలియని కౌన్సెలర్ ఎదుట ఇంగ్లిష్‌లో తన బాధ చెప్పుకోవాల్సిన పల్లెటూరి విద్యార్థి, ముందు వ్యాకరణం సరిచూసుకుంటాడు. ఆ లోపు ఏడుపు వెనక్కి పోతుంది.

రహస్యం దగ్గర చట్టం కొంత స్పష్టంగానే ఉంది. 2017 చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం ఆరోగ్య నిపుణుల బాధ్యత. ప్రాణానికి ముప్పున్నప్పుడు, ఇతరులకు హాని జరిగేలా ఉన్నప్పుడు మినహాయింపులున్నాయి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోక్సో కింద చెప్పి తీరాలి. ఇవన్నీ సబబే. కానీ ఆ చట్టం మానసిక ఆరోగ్య నిపుణులని పేర్కొన్నవారి జాబితాలో ఎంఏ సైకాలజీ చేసి కాలేజీలో కాంట్రాక్టు మీద పనిచేసే కౌన్సెలర్ కనపడడు. ఇంటర్ పిల్లల విషయంలో సంరక్షకులు తల్లిదండ్రులే. నాన్నకు తెలియకూడదని వచ్చినవాడి మాట నాన్నకు ఎంతవరకు చెప్పాలో నిర్ణయించేది ఇప్పుడు కౌన్సెలర్ మనస్సాక్షి, ప్రిన్సిపాల్ ఒత్తిడి. ఏం దాస్తాం, ఏం దాచలేం అన్నది మొదటి అయిదు నిమిషాల్లోనే చెప్పాలని వృత్తి నియమం. గోడ మీద తెలుగులో నాలుగు వాక్యాలు రాసి పెడితే చాలు. అలా రాసిన గది నేనింకా చూడలేదు.

ఈ సేవకు పుట్టినిల్లు అమెరికా. 1910లో ప్రిన్స్‌టన్‌లో మొదలైందంటారు. రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చి కాలేజీల్లో చేరిన సైనికులతో విస్తరించింది. ఇప్పుడు అక్కడ మన పిల్లలు చాలామంది. 2023-24లో భారతీయ విద్యార్థులు 3,31,602 మంది, అందులో తెలుగువాళ్లు ఎందరో ఏ తెలుగు ఇంటిని అడిగినా తెలుస్తుంది. ప్రతి క్యాంపస్‌లో కౌన్సెలింగ్ కేంద్రం ఉంటుంది, చాలాచోట్ల దాని ఖర్చు ఫీజులోనే కలిసి ఉంటుంది. మన పిల్లలు ఆ ఫీజు కడతారు, గడప తొక్కరు. వీసాకు ఇబ్బంది అవుతుందన్న భయం ఒకటి. నిజానికి డాక్టరు లేదా లైసెన్సున్న క్లినికల్ సైకాలజిస్టు సిఫార్సు ఉంటే, యూనివర్సిటీ అధికారి ముందుగా అనుమతిస్తే, ఒక డిగ్రీ స్థాయిలో మొత్తం 12 నెలల దాకా కోర్సు భారం తగ్గించుకోవచ్చు, వీసా చెడదు. ఈ సంగతి కన్సల్టెన్సీ వాళ్లు చెప్పరు, వాళ్ల పని విమానం ఎక్కించడంతో అయిపోతుంది. ముప్పై నలభై లక్షల అప్పు మీద వచ్చిన పిల్లవాడికి ఆ నిబంధన తెలిసినా, ఇంటికి ఫోన్ చేసి 'ఈ సెమిస్టర్ కోర్సులు తగ్గించుకుంటున్నా' అని చెప్పడం ఇంకో పరీక్ష.

ఇక ఫోన్. ముఖాముఖి మనిషి దొరకనిచోట కనీసం గొంతు దొరుకుతుంది. హైదరాబాద్‌లో రోష్నీ 1997 నుంచీ స్వచ్ఛందంగా ఈ పని చేస్తోంది. 2022 అక్టోబర్ 10న కేంద్రం టెలీ మానస్ మొదలుపెట్టింది. 14416కు ఏ వేళ చేసినా తెలుగులో మాట్లాడేవాళ్లు ఉంటారు, డబ్బు కట్టక్కర్లేదు, అవసరమైతే డాక్టరుకు కలుపుతారు. నా లెక్కలో ఇన్నేళ్ల కాగితాల్లో విద్యార్థికి నేరుగా ఉపయోగపడ్డ ఏర్పాటు ఇదే. కారణం ఊహించడం కష్టం కాదు. అవతలి గొంతు కాలేజీ మనిషి కాదు. అటెండెన్స్ వెయ్యదు, ఫీజు అడగదు, నాన్నకు ఎదురుపడదు. అయిదు ఫోన్లు చేయాల్సిన చోట ఒక్క ఫోన్‌తో ఆగిపోవడం, మళ్లీ చేస్తే వేరే మనిషి ఎత్తడం, ఊళ్లో చూపించుకోవాలంటే మళ్లీ జిల్లా ఆసుపత్రికే వెళ్లాల్సి రావడం దీని పరిమితులు. అయినా ఈ రాత్రి ఈ వ్యాసం చదువుతున్న పిల్లలెవరికైనా గుండె బరువుగా ఉంటే, మిగతా పేరాలు వదిలేసి ఆ అయిదంకెలు నొక్కమంటాను.

సుప్రీంకోర్టు చెప్పినట్టు ఆ నంబరు గోడల మీదికి రావడం మొదలైంది. మొన్న ఒక రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీ హాస్టల్లో మెస్ హాలు గోడకు పెద్ద అక్షరాలతో రంగుల్లో చూశాను. సంతోషించాను. ఫోన్లు ఎక్కడ ఉంచుకుంటారని పక్కనున్న కుర్రాణ్ని అడిగాను. హాస్టల్లో పిల్లల దగ్గర ఫోన్ ఉండకూడదట. ఆదివారం సాయంత్రం ఇంటికి మాట్లాడుకోవడానికి ఒక ఫోన్ ఉంది, వరసలో నిలబడాలి, మనిషికి అయిదు నిమిషాలు. అది వార్డెన్ సార్ టేబుల్ మీద ఉంటుంది, సార్ ఎదురుగా కూర్చుని ఉంటారు.